తొమ్మిదో పాఠానికి వంద మార్కులు

ఒక పెద్ద అడవిలో ఒక బడి ఉండేది. బడి అంటే మద్దిచెట్ల మధ్య కాస్త చదును చేసిన నేల, ఒక నల్లరాయి, ఒక మాష్టారు. మాష్టారు తాబేలు. పేరు కూర్మారావు. నెమ్మదస్తుడు, మంచివాడు, పిల్లల్ని పల్లెత్తు మాట అనేవాడు కాదు. ఆయనకున్న ఇబ్బందల్లా ఒకటే. సామాన్యశాస్త్రం పుస్తకంలో తొమ్మిదో పాఠం.

ఆ పాఠం పేరు 'ఎదిగే వయసు, మారే ఒళ్ళు'. ఎనిమిదో పాఠం 'వానపాము చేసే మేలు' దాకా మాష్టారు హుషారుగా చెప్పుకుంటూ వచ్చేవాడు. ఆ తర్వాతి పేజీ తిప్పగానే తల, నాలుగు కాళ్ళు, తోక, అన్నీ డిప్పలోకి లాగేసుకునేవాడు. లోపలినుంచి మాట మాత్రం వినిపించేది.

"ఇది ఇంటిదగ్గర చదువుకోండి. పరీక్షకు రాదు. పదో పాఠం తియ్యండి. అయస్కాంతాలు."

పిల్లలు ఇంటికెళ్ళి అడిగేవాళ్ళు. "అవన్నీ బళ్ళో చెప్తారు, ముందు గడ్డి తిను" అనేవాళ్ళు అమ్మానాన్నలు. అలా ఆ పాఠం బడికీ ఇంటికీ మధ్య ముప్ఫయ్యేళ్ళుగా తిరుగుతూనే ఉంది. నన్నడిగితే ఆ అడవిలో అంత దూరం నడిచిన జీవి ఇంకోటి లేదు.

ఆ అడవిలోనే మచ్చలమ్మ అనే చుక్కల జింక ఉండేది. ఆమెకు ఒక్కడే కొడుకు, చెంగల్రావు. వాడి తలమీద అప్పుడప్పుడే రెండు బొడిపెలు లేస్తున్నాయి. వాటిని చూసినప్పుడల్లా మచ్చలమ్మకు మురిపెం కంటే భయమే ఎక్కువ వేసేది. దానికో కారణం ఉంది.

మగ జింకకు కొమ్ములు మొలిచినప్పుడు వాటిమీద మెత్తటి పొర ఉంటుంది. కొమ్ము ముదిరాక ఆ పొర పీలికలు పీలికలుగా ఊడిపోతుంది. దురద పెడుతుంది, కాస్త రక్తం కూడా వస్తుంది. ఇందులో వింతేమీ లేదు. కానీ ఆ మాట పిల్లలకు ఎవరూ చెప్పరు. క్రితం ఏడాది మచ్చలమ్మ అక్క కొడుకు తనకేదో మాయదారి రోగం పట్టుకుందని భయపడి, తల్లికి మొహం చూపించలేక కొండగుహలో దాక్కున్నాడు. నెల తర్వాత దొరికాడు. ఎముకల గూడులా ఉన్నాడు.

తన కొడుక్కి ఆ గతి పట్టకూడదని మచ్చలమ్మ పట్టుదల. మొగుణ్ణి అడిగింది. "మీరు మగాళ్ళు, మీకు తెలుసు కదా, వాడికి రెండు ముక్కలు చెప్పండి." ఆయన వెంటనే "ఆ పొదలో ఏదో చప్పుడైంది" అంటూ పొదలోకి దూరిపోయాడు. మూడు రోజులు బయటికి రాలేదు. ఇక తనే చెబుదామని రెండుసార్లు కొడుకుని కూర్చోబెట్టుకుంది. రెండుసార్లూ నీళ్ళు నమిలి, "గడ్డి బాగుందా నాన్నా?" అని అడిగి లేచిపోయింది.

దాంతో అడవి విద్యామండలికి అర్జీ పెట్టుకుంది.

మండలి అధ్యక్షుడు గజపతి అనే ఏనుగు. ఏ విషయం చెప్పినా ఆయన తల ఊపుతాడు. కిందికీ పైకీ ఊపుతాడు, పక్కలకీ ఊపుతాడు. అవునన్నాడో కాదన్నాడో ఇప్పటిదాకా ఎవరూ కనిపెట్టలేకపోయారు. అధ్యక్షుడయ్యిందీ అందుకే.

అర్జీ చదవగానే నెమలి శిఖామణి భగ్గుమన్నాడు. ఆయన అడవి సంస్కృతికి కాపలాదారు. ఆ ఉద్యోగం ఆయనకు ఎవరూ ఇవ్వలేదు, తనే తీసుకున్నాడు.

"ఇలాంటివి నలుగురిలో మాట్లాడతారా? మన పద్ధతులేమిటి, మన మర్యాదలేమిటి!" అన్నాడు. ఏటా తొలకరి పడగానే నాలుగు దారుల కూడలిలో పింఛం విప్పి, ఆడ నెమళ్ళన్నీ చూసేదాకా ఒళ్ళు వణికించుకుంటూ ఆడేది ఈయనే. అది కళ అట.

తల్లిదండ్రుల తరఫున కుందేలు శశికళమ్మ లేచింది. "మా ఇంట్లో అలాంటి మాటే రాదండీ. మాకు అరవైనాలుగు మంది పిల్లలు. ఒక్కరంటే ఒక్కరికి ఏమీ తెలీదు."

"అరవైనాలుగు మందా?" అన్నాడు గజపతి.

"దేవుడిచ్చాడండీ" అంది శశికళమ్మ, వినయంగా.

మచ్చలమ్మ చేతులు జోడించినంత పని చేసింది. "అయ్యా, నాకు పెద్ద పెద్ద సంగతులేమీ వద్దు. కొమ్ముపొర ఊడుతుంది, భయపడొద్దు అని పిల్లలకు ఎవరైనా నాలుగు మాటలు చెప్తే చాలు. ఇంకో ఏడాదిలో మావాడి కొమ్ములు ముదురుతాయి."

"నాలుగు మాటలా!" అన్నాడు మండలి కార్యదర్శి జంబులింగం. ఈయన నక్క. "అమ్మా, నాలుగు మాటలు చెప్పాలంటే నాలుగు దేశాలు చూడాలి. అధ్యయనం లేకుండా మండలి నోరు విప్పదు."

గజపతి తల ఊపాడు. ఈసారి మాత్రం అది అవుననే అందరికీ అర్థమైంది. ఎందుకంటే అప్పటికే తొండంతో మూట సర్దుకుంటున్నాడు.

అలా గజపతి, శిఖామణి, శశికళమ్మ, జంబులింగం నలుగురూ ఓడెక్కారు. తిరిగొచ్చేసరికి ఆరు నెలలైంది. నలుగురూ ఒళ్ళు చేశారు. అడవి మొత్తాన్నీ పిలిచి నివేదిక చదివారు.

"మొదట ఉత్తరాన మంచు దేశం వెళ్ళాం" అన్నాడు జంబులింగం. "అక్కడ ధ్రువపు జింకలు. పాలుమరిచిన పిల్లలకే అన్నీ చెప్పేస్తారు. మేం చూస్తుండగానే పంతులమ్మ మంచుమీద కొమ్ము బొమ్మ గీసి, 'ఇదిగో ఈ పొర ఊడుతుంది, దురదగా ఉంటుంది, చెట్టుకు రుద్దుకోండి' అంది. అయిదు నిమిషాల్లో పాఠం ముగిసింది."

"పిల్లలు ఏం చేశారు?" అని ఆత్రంగా అడిగింది మచ్చలమ్మ.

"అదే ఘోరం!" అన్నాడు శిఖామణి. "ఒక్కడూ ముసిముసిగా నవ్వలేదు, ఒక్కడూ తల దించుకోలేదు. 'అన్నం గంట ఎప్పుడు కొడతారు?' అని అడిగారు. బొత్తిగా సిగ్గులేని దేశం."

"తర్వాత పడమటి మైదానం" అని జంబులింగం అందుకున్నాడు. "అక్కడ అడవి దున్నలు. పాఠం వినాలంటే ఇంటినుంచి చీటీ తేవాలి. చీటీ తెచ్చినవాళ్ళు లోపల, తేనివాళ్ళు బయట ఆటస్థలంలో."

"బయటున్నవాళ్ళకు తెలీదన్నమాట" అంది శశికళమ్మ మెచ్చుకోలుగా, తను కూడా వెళ్ళొచ్చిన సంగతి మరిచిపోయి.

"ఎందుకు తెలీదు? విరామంలో లోపలివాళ్ళు బయటికొచ్చి మొత్తం చెప్పేశారు. లోపల విన్నదానికి మూడింతలు కలిపి చెప్పారు. చీటీ లేనివాళ్ళే ఎక్కువ నేర్చుకున్నారు."

జంబులింగం పేజీ తిప్పాడు. "తూర్పు దీవిలో ఎర్రమూతి కోతులు. ఎంత పద్ధతైన జాతి! వాళ్ళ పుస్తకంలో పాఠం 'గుడ్డు ఉన్నది' అని మొదలవుతుంది. ఆ గుడ్డు ఎలా వచ్చిందని అడగకూడదు. అడిగితే మాష్టారు లేచి మూడుసార్లు వంగి దణ్ణం పెట్టి, వేడినీళ్ళ గుంటలోకి దిగిపోతాడు."

"అదీ సంస్కారమంటే!" అన్నాడు శిఖామణి, కళ్ళు తుడుచుకుంటూ.

"చివరికి దక్షిణాన మంచుగడ్డ మీద పెంగ్విన్లు. వాళ్ళ బళ్ళో మొదటి పాఠమే, గుడ్డును పొదగాల్సింది తండ్రి అని..."

అంతవరకు చదివి జంబులింగం ఆగిపోయాడు. మగ జంతువులన్నిటికీ ఒక్కసారిగా దగ్గు పట్టుకుంది. ఆడ జంతువులన్నీ మెడలు సాచి ముందుకు జరిగాయి. "ఆ పేజీ తడిసిపోయింది, చదవడానికి రావడం లేదు" అని జంబులింగం కాగితం నమిలి మింగేశాడు.

"ఇంతకీ ఏం చేద్దామంటారు?" అని అడిగింది మచ్చలమ్మ. పాపం, ఆమె మనసంతా కొడుకు తలమీదే ఉంది. వాడి కొమ్ములు అప్పటికే జానెడయ్యాయి.

మండలి ఏకాంతంగా సమావేశమైంది. గజపతి దిగులుగా చెవులు వేలాడేశాడు. "పాఠం చెప్పకపోతే పై దేశాలవాళ్ళు మనల్ని అనాగరికులంటారు. నాలుగు దేశాల్లో వాళ్ళ తిండి తిని వచ్చాం. చెప్తే మన పిల్లలకు తెలిసిపోతుంది. ఎలా?"

జంబులింగం తోకతో నేల ఊడ్చుకుని నిదానంగా కూర్చున్నాడు.

"అయ్యా, తెలియకుండా నేర్పాలి. ఆ విద్యలో మనల్ని మించినవాళ్ళు లేరు. తొమ్మిదో పాఠాన్ని నిర్బంధ సబ్జెక్టు చేసేద్దాం. వంద మార్కులు. ఖాళీలు, జతపరచండి, పది మార్కుల ప్రశ్నలు. తెల్లారకముందే స్టడీ అవర్. వారానికో టెస్టు."

"అంత చదివితే తెలిసిపోదూ?" అన్నాడు శిఖామణి కంగారుగా.

"లెక్కలు ఎన్నాళ్ళనుంచి చెప్తున్నాం? ఎవరికైనా తెలిశాయా?"

శిఖామణి ఆలోచించాడు. "లేదు."

"చరిత్ర?"

"ఊహూ."

"మరింకేం! పిల్లలకు ఒక విషయం మీద ఆసక్తి చావాలంటే దానికో గైడు రాయాలి. నేను రాస్తాను."

గజపతి ఆనందం పట్టలేక తొండమెత్తి ఘీంకరించాడు.

గైడు వచ్చింది. కొమ్ముపొర సంగతి అందులో ఇలా ఉంది: 'కౌమారదశయందు శృంగములను ఆవరించియున్న మృదుచర్మము శుష్కించి, ఖండఖండములుగా విసర్జింపబడును. ఈ ప్రక్రియనే మృదుచర్మ విసర్జనము అందురు.' గుర్తుండటానికి ఒక బండగుర్తు కూడా ఇచ్చాడు. మృదుచర్మం, శుష్కించడం, ఖండఖండం, విసర్జన. కలిపితే మృశుఖవి.

అడవంతా మృశుఖవితో మోగిపోయింది. తెల్లవారుజామున కోడిపుంజు కూడా అదే కూసింది. అంతకుముందు పిల్లలు మడుగు దగ్గర గుంపుగా చేరి తొమ్మిదో పాఠం గురించి గుసగుసలాడుకునేవాళ్ళు. ఇప్పుడు ఆ మాటెత్తితే చాలు, "బాబోయ్, మళ్ళీ అదేనా!" అని కాళ్ళకు బుద్ధి చెప్పేవాళ్ళు. శిఖామణి చాటునుంచి చూసి పొంగిపోయాడు. కూర్మారావు మాష్టారికి కూడా ప్రాణం హాయిగా ఉంది. వివరించే పని లేదు, ఒప్పజెప్పించుకుంటే చాలు. అది డిప్పలోంచైనా చెయ్యొచ్చు.

అందరికంటే బాగా ఒప్పజెప్పేది చెంగల్రావు. నాలుగు వారాలు వరసగా నూటికి తొంభైతొమ్మిది. మచ్చలమ్మ గుండెలమీది కుంపటి దింపినట్టయింది. 'మావాడికి అంతా తెలిసిపోయింది. ఇక ఏ భయమూ లేదు' అనుకుని హాయిగా మేత మేసింది.

పెద్ద పరీక్ష వచ్చింది. మద్దిచెట్ల కింద పిల్లలు వరసలుగా కూర్చున్నారు. కాపలా శిఖామణి. పరీక్షలంటే అమ్మానాన్నలకు ఇంట్లో కాలు నిలవదు కదా, అందరూ పరీక్షకోసం కట్టిన కంచె బయట గుమిగూడి, మెడలు పైకెత్తి చూస్తున్నారు.

పది మార్కుల ప్రశ్న: 'మృదుచర్మ విసర్జనము గూర్చి వివరింపుము.'

చెంగల్రావు మొహం వెలిగిపోయింది. గైడులో ఉన్నదున్నట్టు రాయడం మొదలుపెట్టాడు. రాస్తున్నంతసేపూ తలమీద ఒకటే దురద. పొద్దుటినుంచీ అంతే. కుడికొమ్మును పక్కనున్న చెట్టుకు రుద్దుకుంటూ, 'ఖండఖండములుగా' అన్న మాట దగ్గరికొచ్చాడు. అప్పుడు కాగితం మీద ఏదో టప్పున పడింది. పీలిక. దాని పక్కనే రక్తం చుక్క. కళ్ళముందు ఇంకో పీలిక వేలాడుతోంది.

చెంగల్రావు ముందు ఆ వాక్యం పూర్తిచేశాడు. బుద్ధిమంతుడు కదా. 'విసర్జింపబడును' అని రాసి, చుక్క పెట్టి, అప్పుడు గావుకేక పెట్టాడు.

"అమ్మా! నా తల ఊడిపోతోందే! చచ్చిపోతున్నానే!"

పరీక్ష చెదిరిపోయింది. పిల్లలు ఒకళ్ళమీద ఒకళ్ళు పడ్డారు. "ఎవరూ కదలొద్దు, ఇంకా అరగంట టైముంది!" అని అరిచిన శిఖామణి, రక్తం చూడగానే "అంటురోగం!" అంటూ చెట్టు చిటారుకొమ్మకు ఎగిరిపోయాడు. గజపతి వెనక్కి వెనక్కి నడిచి కంచె తొక్కేశాడు. జంబులింగం "పేపరు బయటికి పొక్కిందేమో చూడండి!" అని కేకలేస్తున్నాడు.

చెంగల్రావు ఏడుస్తూ మాష్టారి డిప్పమీద గిట్టతో కొట్టాడు. "మాష్టారూ! నాకేమైంది మాష్టారూ?"

"ఇంటిదగ్గర... ఇంటిదగ్గర అడుగు నాయనా" అంది లోపలినుంచి గొంతు.

ఇల్లు అప్పటికే పరుగెత్తుకొచ్చింది. మచ్చలమ్మ కంచె దూకి కొడుకు దగ్గర నిలబడింది. ఆమె కాగితం చూసింది. ముత్యాల్లాంటి అక్షరాలతో అంతా రాసి ఉంది.

"నువ్వే రాశావు కదరా! ఇక్కడ ఉన్నదే కదా ఇది!"

"అది పాఠమమ్మా! ఇది నా కొమ్ము!" అన్నాడు చెంగల్రావు, వెక్కిళ్ళ మధ్య.

మచ్చలమ్మకు ఏడుపొచ్చింది, కోపమొచ్చింది, సిగ్గు కూడా వచ్చింది. ఏడాదిగా తను చెప్పలేక మింగేసిన నాలుగు మాటలు గుర్తొచ్చాయి. అడవంతా చూస్తోంది. చూడనీ అనుకుంది.

"ఒరే నాన్నా, విను. నీ కొమ్ములు ముదిరాయి. పైనున్న పొరతో ఇంక పనిలేదు, అందుకే ఊడుతోంది. ఆ రక్తం రెండురోజుల్లో ఆగిపోతుంది. దురద పెడితే చెట్టుకు రుద్దుకో. నువ్వు చావడం లేదురా, పెద్దాడివవుతున్నావు."

చెంగల్రావు ఏడుపు మధ్యలోనే ఆగిపోయింది. "అంతేనా?"

"అంతే."

కంచె పక్క పొదలోంచి వాళ్ళ నాన్న గొంతు నెమ్మదిగా వినిపించింది. "నేనూ ఆ ఏడాది చచ్చిపోతున్నాననే అనుకున్నాన్రా. నాకూ ఎవరూ చెప్పలేదు."

తర్వాత మొదలైంది గోల. కోతిపిల్ల తోసుకుంటూ వచ్చింది. "అత్తా, నా గొంతు పొద్దున ఒకలాగా సాయంత్రం ఒకలాగా వస్తోంది, రోగమా?" "కాదురా." "నా చంకలో కొత్తగా వెంట్రుకలొస్తున్నాయి!" అంది ముంగిసపిల్ల. "రానీ." శశికళమ్మ పిల్లలు అరవైనలుగురూ ఒకేసారి అరిచారు. "మేం ఇంతమందిమి ఎలా వచ్చామత్తా?" శశికళమ్మ రెండు చెవులూ మూసుకుంది. అంత పెద్ద చెవులు, పూర్తిగా మూతపడలేదు.

అందరికంటే వెనకనుంచి శిఖామణి కొడుకు అడిగాడు. "వాన పడితే మా నాన్న కూడలిలో ఎందుకలా ఆడతాడు?"

"మీ అమ్మకు నచ్చాలని నాయనా" అంది మచ్చలమ్మ.

చిటారుకొమ్మన పింఛం టక్కున ముడుచుకుపోయింది.

ఆ అరగంటలో మచ్చలమ్మ చెప్పినదానికి పిల్లల్లో ఎవరూ ముసిముసిగా నవ్వలేదు. పెద్దవాళ్ళే అప్పుడప్పుడు మొహాలు చూసుకుని నవ్వుకున్నారు. చివరికి డిప్పలోంచి కూర్మారావు మాష్టారి తల బొటనవేలంత బయటికొచ్చి, "ఆఁ, తర్వాత?" అంది.

మండలి ఊరుకోలేదు. పరీక్ష జరుగుతుండగా జవాబు చెప్పినందుకు మచ్చలమ్మ మీద కాపీ కేసు పెట్టారు. ఆ పరీక్ష రద్దుచేసి, నెలకు మళ్ళీ పెట్టారు. అదే ప్రశ్న ఇచ్చారు.

ఈసారి పిల్లలెవరూ మృశుఖవి రాయలేదు. 'దురద పెడుతుంది. చెట్టుకు రుద్దుకోవాలి. భయపడకూడదు. పక్కవాడికి వస్తే వాడికీ చెప్పాలి' అని ఎవరి మాటల్లో వాళ్ళు రాశారు. గైడులో లేని జవాబు కనక అందరికీ సున్నా వేశారు. ఒక్క ఎలుగుబంటి పిల్లకు మాత్రం నూటికి నూరొచ్చాయి. తేనెటీగలు కుట్టి మొదటి పరీక్షనాడు వాడు బడికి రాలేదు. వాడి బొమ్మ పెద్దగా గీయించి బడి ముందు వేలాడదీశారు.

ఫలితాల పట్టిక చూసి శిఖామణి సంబరపడ్డాడు. "చూశారా, ఎవరికీ ఏమీ రాలేదు! మన పథకం పారింది!"

గజపతి పట్టికను పైనుంచి కిందికి చదివాడు. జీవితంలో మొదటిసారి ఆయన తల ఊపడం మానేశాడు.

"ఒరే జంబులింగం, ఇంతమంది తప్పారంటే... ఇంతమందికి తెలిసిపోయిందన్నమాట కదురా!"

జంబులింగం గైడు రెండో ముద్రణ ఆపించడానికి పరుగెత్తాడు.

అప్పటికి చెంగల్రావు మార్కుల కాగితాన్ని గట్టిపడ్డ కొమ్ములకు గుచ్చుకుని గెంతుకుంటూ ఇంటికి చేరాడు.

"ఎన్నొచ్చాయిరా?" అంది మచ్చలమ్మ.

"సున్నామ్మా."

"భయం వేస్తోందా?"

చెంగల్రావు నిజంగానే అర్థంకాక తల్లి మొహంలోకి చూశాడు. "దేనికీ?"

మచ్చలమ్మ వాడి మెడమీద తల ఆనించింది.

నీతి: పిల్లలకు ఏదైనా తెలియకుండా ఉండాలంటే దాచిపెట్టకండి, వంద మార్కులు పెట్టండి.